సెలవు రోజుల్లో రాసిన యాప్‌కి అర్ధరాత్రి ఫోన్లు: వాడేవాళ్లకి ఏం చెప్పాలి, ఎక్కడ చెప్పాలి

ప్రశ్న: మాది కావలి. ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. మా బావ రొయ్యల గుంటల కోసం సెలవు రోజుల్లో ఒక ఆండ్రాయిడ్ యాప్ రాశాను. సీడ్ (రొయ్య పిల్లలు) ఎంత వదిలారు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత, మేత ఎంత పడింది, నీటిలో డీవో (కరిగిన ఆక్సిజన్), పీహెచ్ ఎంత అని రాసుకుంటూ పోతే ఆ రోజు ఎంత మేత వేయాలో అంచనా చూపిస్తుంది. కోడ్‌ని గిట్‌హబ్ అనే కోడ్ దాచుకునే సైట్‌లో, ఎవరైనా వాడుకోవచ్చనే ఎంఐటీ లైసెన్స్ కింద పెట్టాను. ఏపీకే ఫైలు (యాప్‌ని ఫోన్లో ఎక్కించే ఫైలు) వాట్సాప్‌లో చేతులు మారి అల్లూరు, విడవలూరు, అటు కొత్తపట్నం దాకా పోయింది. ఇప్పుడు రాత్రి పదకొండుకి కూడా ఫోన్లే. "ఏంది తమ్ముడూ, నీ యాప్ తెరుచుకోవట్లా, పొద్దున మేత ఎంత ఎయ్యాల?" అంటారు. ఒక మేతల షాపాయన తన ఖాతాదారులకి యాప్ ఎక్కించి, సందేహాలకి నా నంబరు ఇచ్చేశాడు. ఒక రైతు "నీ యాప్ చెప్పినట్టు వేస్తే గుంట అడుగు చెడింది, నష్టం ఎవరిస్తారు?" అన్నాడు. ఎవరో తెలియని ఒకతను "తీరిక లేకపోతే నాకు అప్పగించు" అని వెంటపడుతున్నాడు. నేను ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. అంతా తీసిపారేద్దామా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం: మిగతావన్నీ వారం రోజులు ఆగుతాయి. అడుగు చెడిందన్న రైతు మాట ఆగదు. ముందు అది చూడండి.

ఆయన యాప్‌లో కొట్టిన అంకెల స్క్రీన్‌షాట్ తెప్పించుకుని కాగితం మీద లెక్క వేయండి. ఉదాహరణకి లక్ష సీడ్, సర్వైవల్ (బతికినవి) 80 శాతం, కౌంట్ వంద అనుకుందాం. వంద కౌంట్ అంటే రొయ్య 10 గ్రాములు. 80,000 రొయ్యలు, మొత్తం 800 కిలోలు. మేత ఆ బరువులో 3 శాతం అంటే రోజుకి 24 కిలోలు. కానీ గుంటలో నిజంగా బతికినవి 60 శాతమే అయితే బరువు 600 కిలోలే, మేత 18 కిలోలు చాలు. ఇలాంటప్పుడు ఫార్ములాలో తప్పేమీ లేదు. అయినా రోజూ 6 కిలోలు మిగిలి అడుక్కి చేరుతుంది. అక్కడ కుళ్లి ఆక్సిజన్ లాగేస్తుంది, అమ్మోనియా పెంచుతుంది. ఇంకో దారిలోనూ తప్పు దొర్లవచ్చు. గ్రాములు అడిగిన గడిలో కౌంట్ కొడితే 10 బదులు 100 పడుతుంది, 24 కిలోలు 240 అయి కూర్చుంటుంది. పాత రైతు ఆ అంకె చూడగానే పక్కన పెడతాడు. ఈ ఏడే గుంట కౌలుకి తీసుకున్న కుర్రాడు నమ్మేయవచ్చు.

తప్పు ఫార్ములాదా, ఇచ్చిన అంకెదా, సర్వైవల్ అంచనాదా తేల్చుకున్నాక ఆ రైతుతో ఒక్కసారి నెమ్మదిగా మాట్లాడి లెక్క చూపించండి. ఫార్ములాలోనే తప్పుంటే దాచవద్దు. ఆ రోజే పాత ఏపీకేని రిలీజ్ పేజీ నుంచి తీసేయండి. సరిచేసింది పెట్టి, "ఫలానా వెర్షన్ మేత లెక్క తప్పు చూపిస్తోంది, వాడకండి" అని పేజీ పైన మొదటి వాక్యంగా రాయండి. డబ్బు ఇస్తానని మాత్రం మాటవరసకి కూడా అనకండి. ఎంఐటీ లైసెన్స్ చివరి పేరా ఏ హామీ లేకుండా ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నామని, నష్టానికి రాసినవారు బాధ్యులు కారని చెబుతుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా ఉచితంగా చేసే పనిని సేవ అన్న నిర్వచనంలోంచి తప్పించింది. అందుకే టీ ఖర్చులకని ఎవరైనా ఫోన్‌పేలో రెండొందలు కొడితే వెనక్కి పంపండి. డబ్బు చేతిలో పడ్డాక మీది ఉచిత సేవ అని చెప్పుకోవడం కష్టం. నిజంగా లాయర్ నోటీసే వస్తే అది పట్టుకుని మీరూ లాయర్ దగ్గరికి వెళ్లాలి, వాట్సాప్‌లో జవాబివ్వకూడదు.

ఇక అసలు సంగతి. ఆ లైసెన్స్ పేరా మిమ్మల్ని కాపాడుతుంది కానీ రైతుకి ఏమీ చెప్పదు. జీపీఎల్, అపాచీ లాంటి ఇతర సాఫ్ట్‌వేర్ లైసెన్సుల్లో ఉన్న ఇలాంటి సెక్షన్లు కూడా రాసినవాళ్ల రక్షణకే. వాట్సాప్‌లో ఏపీకే అందుకున్న మనిషి గిట్‌హబ్ ముఖం చూడడు. మీ గురించి ఆయనకి తెలిసింది ఒక్కటే, ఫోన్ చేస్తే ఎత్తుతాడని. రాత్రి పదకొండుకి మీరు ఎత్తిన ప్రతి ఫోనూ ఆయన లెక్కలో ఒక హామీ. రాసిపెట్టిన మాట ఒకటి, జరిగేది ఒకటి అయితే జనం జరిగేదాన్నే నమ్ముతారు. కాబట్టి వాడేవాడు ఏం ఆశించవచ్చో యాప్ తెర మీదా చెప్పాలి, ఫోన్ విషయంలో మీ నడతతోనూ చెప్పాలి. ఈ రెంటిలో ఏది తప్పినా గిట్‌హబ్‌లోని రీడ్‌మీ (పరిచయం పేజీ)లో ఎంత రాసినా వృథా.

యాప్ తెరవగానే కనిపించే తెర మీద ఇలా పెట్టండి, మీ మాటల్లోకి మార్చుకోవచ్చు:

"ఈ యాప్‌ని ఒక్క మనిషి ఉద్యోగం అయ్యాక ఖాళీ వేళల్లో ఉచితంగా రాస్తున్నాడు. ఫోన్లో సహాయం ఉండదు.
మేత అంకె అంచనా మాత్రమే. మీరు ఇచ్చిన సర్వైవల్ తప్పయితే ఇదీ తప్పే. చెక్ ట్రేలో మేత మిగిలితే ట్రే మాటే వినండి, యాప్ మాట కాదు.
యాప్ తీసేసినా, ఫోన్ మార్చినా లెక్కలు పోతాయి. వారానికోసారి బ్యాకప్ నొక్కి ఫైలు దాచుకోండి.
తప్పు కనిపిస్తే కింద ఉన్న ఫారం నింపండి. నెలలో మొదటి, మూడో ఆదివారాలు చూస్తాను. ప్రతిదానికీ జవాబు రాకపోవచ్చు."

ఇందులో "ఎలాంటి హామీ లేదు" అన్న మాట లేకపోవడం గమనించండి. ఆ మాట ప్రతి యాప్‌లోనూ ఉంటుంది కాబట్టి ఎవరూ చదవరు. ఎక్కడ తప్పుతుందో, అప్పుడు దేన్ని నమ్మాలో చెబితే చదువుతారు. మేత అంకె గురించిన రెండో వరుసకి ఉన్న విలువ అదే. (చెక్ ట్రే అంటే మేత తిన్నాయో లేదో చూడటానికి గుంటలో దించే పళ్లెం.) బీటా అని రాసి ఊరుకోవడం, వెర్షన్ నంబరు 0.9 అని పెట్టి అందరికీ అర్థమవుతుందనుకోవడం కూడా పనికిరాదు. నంబరు సున్నాతో మొదలైతే ఎప్పుడైనా ఏదైనా మారవచ్చని ప్రోగ్రామర్ల మధ్య ఒక ఒప్పందం ఉంది. అల్లూరులో గుంట గట్టు మీద నిలబడ్డ మనిషికి 0.9 ఒక నంబరు, అంతే.

ఉద్యోగం అయ్యాక చేసే పని అని రాసుకోవడానికి మొహమాటపడకండి. 1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ తన ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి మొదటిసారి బయటపెట్టినప్పుడు, ఇది అభిరుచి కొద్దీ చేస్తున్నది, పెద్ద స్థాయిలో ఉండదు అనే రాశారు. ఆ తర్వాత అది లినక్స్ అయింది. అప్పటికి ఉన్న నిజం అది, ఆయన ఉన్నట్టే చెప్పారు.

హెచ్చరిక రాయడం కంటే గట్టి పద్ధతి ఒకటుంది. కోడ్‌లోనే కొన్ని మార్పులు చేయడం. సర్వైవల్ గడిలో 80 అని ముందే నింపి ఉంచారా? తీసేయండి, ఖాళీగా వదలండి. ముందే ఉన్న అంకెని జనం నిపుణులు చెప్పిన అంకె అనుకుంటారు. రొయ్య బరువు 50 గ్రాములు దాటి కొడితే ఆపి, "ఇది కౌంటా, గ్రాములా?" అని అడిగించండి. అన్నిటికంటే ముఖ్యం, ఒకే అంకె చూపించకండి. 24 కిలోలు అని చూపిస్తే అది ఆజ్ఞ లాగా ఉంటుంది. సర్వైవల్ 60 అయితే 18 కిలోలు, 80 అయితే 24 కిలోలు అని రెండూ పక్కపక్కన చూపిస్తే రైతు తనంతట తానే ట్రే వైపు చూస్తాడు. ఈ ఒక్క మార్పుకే సగం ఫిర్యాదులు పుట్టకుండా ఆగుతాయని మా నమ్మకం.

ప్రతి తెర మూలా వెర్షన్ నంబరూ, తయారైన తేదీ కనిపించాలి. చేతులు మారే ఏపీకేలలో పాతవే ఎక్కువ తిరుగుతాయి. తయారై ఆరు నెలలు దాటితే "ఇది పాతది, కొత్తది ఉందేమో చూడండి" అని చూపించండి. ఫోన్ తేదీతో పోల్చితే చాలు, నెట్ అక్కర్లేదు. యాప్ మాత్రం ఆగకూడదు. పంట మధ్యలో రైతు లెక్కలకి తాళం వేసే హక్కు మనకి లేదు.

పంట మధ్య అన్నాం కాబట్టి ఇంకో మాట. మేత ఫార్ములా మారిస్తే ఆ మార్పు కొత్తగా మొదలుపెట్టే పంటకే వర్తించాలి, నడుస్తున్న పంటకి పాతదే కొనసాగాలి. వనామీ రకం రొయ్యల పంట మూడు నాలుగు నెలలు నడుస్తుంది. అందరూ ఒకే రోజు సీడ్ వదలరు కాబట్టి అందరికీ అనువైన రిలీజ్ తేదీ అంటూ ఉండదు. అరవయ్యో రోజున అప్‌డేట్ నొక్కగానే మేత అంకె మారిపోతే ఆ రాత్రి ఫోన్ వస్తుంది, రావడం న్యాయం కూడా. అది నిజంగా తప్పు దిద్దుబాటే అయితే మాత్రం నడుస్తున్న పంటకీ వర్తింపజేసి, ఏం మారిందో తెర మీద పెద్ద అక్షరాల్లో చెప్పండి.

ఫోన్ల సంగతికి వద్దాం. రెండు వారాల గడువు పెట్టి ఆ నంబరుని ఈ పని నుంచి తప్పించండి. కొత్త సిమ్ కొననక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్‌లో ఆటోమేటిక్‌గా వెళ్లే జవాబు పెట్టుకునే వీలుంది. అందులో ఫారం లింకు పెట్టి, "యాప్ సందేహాలు ఫారంలోనే చూస్తాను, ఫోన్లో కుదరదు అన్నా, ఏమనుకోవద్దు" అని రాయండి. కొత్త రిలీజ్‌లు చెప్పడానికి ఒక గ్రూపు పెట్టి, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా సెట్ చేయండి. ఆ సెట్టింగ్ మరిచిపోతే రెండు రోజుల్లో అది రొయ్యల రేట్ల గ్రూపు అవుతుంది.

గిట్‌హబ్‌లో ఇష్యూ (ఫిర్యాదు) రాయడానికి ఒక టెంప్లేట్ పెట్టుకోండి, ఖాళీ ఇష్యూలు తెరిచే వీలు తీసేయండి. కానీ మీ వాడుకదారుల్లో గిట్‌హబ్ ఖాతా ఉన్నవాళ్లు ఎందరుంటారు? వాళ్లకి తెలుగులో ఒక గూగుల్ ఫారం చేయండి. వెర్షన్ నంబరు, ఫోన్ మోడల్, ఏ గడిలో ఏం కొట్టారు, ఏం కనిపించింది, ఏం కనిపించాల్సింది. ఈ ఐదూ తప్పనిసరి చేస్తే చాలు. ఫోటో అప్‌లోడ్ పెడితే గూగుల్ లాగిన్ అడుగుతుంది, కొందరు అక్కడే ఆగిపోతారు, కాబట్టి అది వద్దు. "పనిచేయట్లేదు" అన్న ఒక్క మాటతో వచ్చే ఫిర్యాదులు ఫారంతో చాలావరకు తగ్గుతాయి. నింపేటప్పుడే తాము గ్రాముల గడిలో కౌంట్ కొట్టామని కొందరికి తెలిసిపోతుంది. ఫారానికి కాలేజీ మెయిల్ వాడకండి, సొంతది వాడండి. ఈ పనికి కాలేజీ కంప్యూటర్ కూడా తాకకండి. ఉద్యోగంలో భాగంగా రాసిన ప్రోగ్రాం మీద హక్కు యజమానిదేనని కాపీరైట్ చట్టం చెబుతుంది. ఆ చర్చకి చోటివ్వకపోవడం మేలు.

ఇప్పుడు చెప్పేది మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టే భాగం. నెలకి రెండు ఆదివారాలు అని రాశాక మంగళవారం రాత్రి ఖాళీగా ఉన్నా జవాబివ్వకండి. ఒక్కరికి పది నిమిషాల్లో జవాబు వెళితే మర్నాటికి ఆ ఊళ్లో అందరికీ అదే లెక్క అవుతుంది. ఎంత తరచుగా చూస్తానని రాయాలో నిర్ణయించుకునేటప్పుడు సెలవుల్లో ఉన్న తీరిక చూసుకోకండి. కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు జరిగే నెలలో ఎంత చేయగలరో అంతే రాయండి. ఈ నియమానికి రెండే మినహాయింపులు ఉండాలి: మేత లెక్క తప్పు రావడం, దాచిన లెక్కలు పోవడం. ఈ రెండూ ఎప్పుడు తెలిసినా వెంటనే చూడాలి. మీకు జీతం లేదు, బాధ్యత లేదని లైసెన్స్ అంటుంది, నిజమే. అయినా తప్పు లెక్క చూపిస్తోందని తెలిసిన యాప్‌ని హెచ్చరిక లేకుండా వదిలేయడం ఉచితంగా చేసేవాళ్లకి కూడా తగదు. మీరు ఇవ్వాల్సిన మాటలు మూడే: తప్పు తెలిస్తే బయటికి చెబుతాను, రైతు లెక్కలు ఎప్పుడైనా సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే) ఫైలుగా బయటికి తీసుకునే వీలు ఉంచుతాను, మానేస్తే మానేశానని రాస్తాను. ఈ మూడూ నిలబెట్టుకోగలిగినవే.

షాపాయన విషయంలో కొంచెం గట్టిగానే ఉండాలి. ఎంఐటీ లైసెన్స్ ప్రకారం ఆయన యాప్‌ని ఎవరికైనా ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. మీ సమయాన్ని ఇచ్చే హక్కు ఆయనకి లేదు. ఎండాకాలం రోడ్డు మీద చలివేంద్రం పెట్టినవాడు ఇంటింటికీ బిందె మోస్తానని ఒప్పుకున్నట్టు కాదు కదా. నేరుగా వెళ్లి చెప్పండి: "అన్నా, యాప్ ఇవ్వండి, సంతోషం. ఎక్కించడం, నేర్పించడం, సందేహాలు మీ షాపులోనే చూసుకోండి. నా నంబరు ఎవరికీ ఇవ్వొద్దు." ఇద్దరు కుర్రాళ్లని పంపితే ఒక పూట కూర్చోబెట్టి నేర్పిస్తానని చెప్పండి. ఈ బేరం ఆయనకీ లాభమే. మొదటి తెర మీద ఇంకో వాక్యం చేర్చండి: "ఈ యాప్ మీకు ఎవరు ఇచ్చారో సహాయానికి ముందు వారిని అడగండి." ఆయన డబ్బిచ్చి పని చేయించుకుంటానంటే అది వేరే ఒప్పందం. ఏం చేస్తారు, ఎంతకి, ఎప్పటిలోగా, ఎప్పటిదాకా అని కాగితం మీద ఉండాలి, అడ్వాన్స్ తీసుకున్నాకే మొదలుపెట్టాలి.

కొత్త ఫీచర్లు అడిగేవాళ్లకి "చూద్దాంలే" అనకండి. మన వైపు అది మర్యాద మాటే, కానీ వినేవాడికి సరేనన్నట్టు చేరుతుంది, నెల తర్వాత ఏమైందని అడుగుతాడు. "మంచి ఆలోచనే, కానీ ఈ యాప్‌లో అది పెట్టను. కోడ్ తెరిచే ఉంది, ఎవరైనా తమ కాపీలో చేర్చుకోవచ్చు" అని ఒక జవాబు రాసి పెట్టుకోండి. గిట్‌హబ్‌లో ఇలాంటివి సేవ్ చేసుకునే వీలుంది. ఆ ఇష్యూని మూసేయండి, తెరిచి ఉంచినంత కాలం ఎదురుచూస్తూనే ఉంటారు. ఇతరులు రాసి పంపే కోడ్ కూడా తీసుకోవాలని లేదు. కోట్ల ఫోన్లలో ఉన్న ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయితే తమ సోర్స్ అందరికీ తెరిచి ఉంటుందని, బయటి చేర్పులకి మాత్రం తెరవలేదని సూటిగా రాసి పెట్టింది.

అప్పగించమంటున్న మనిషికి అప్పగించకండి. ఈ ఒక్క విషయంలో మాకు రెండో ఆలోచన లేదు. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే సాఫ్ట్‌వేర్ లినక్స్ సర్వర్లలో విస్తారంగా వాడతారు. దాన్ని చూసుకునే లాసే కాలిన్ మీద 2022లో ఎవరో తెలియని ఖాతాల నుంచి ఆలస్యం ఎందుకు, వేరేవాళ్లకి ఇవ్వమంటూ ఒత్తిడి వచ్చింది. ఇది జీతం లేకుండా అభిరుచితో చేసే పని అని ఆయన అప్పుడే రాశారు. జియా టాన్ పేరుతో నమ్మకంగా కోడ్ పంపుతూ వచ్చిన ఒకరికి క్రమంగా అధికారాలు అందాయి. 2024 మార్చిలో 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టి ఉందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు బయటపెట్టారు. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీస్తే దొరికింది. మీ యాప్ అంత పెద్దది కాదు, మీ వెంటపడే మనిషి మంచివాడే కావచ్చు. అయినా మీ పేరు మీద నమ్మి ఎక్కించుకున్న ఫోన్లలోకి అతను ఏం పంపినా అది మీరు పంపినట్టే. ఆసక్తి ఉంటే ఫోర్క్ (కోడ్‌కి సొంత కాపీ) చేసుకుని వేరే పేరుతో నడుపుకోమనండి. లైసెన్స్ ఆ వీలు ఇస్తోంది, మీ అనుమతి కూడా అక్కర్లేదు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సింది కీస్టోర్ ఫైలు. ఏపీకే మీద సంతకం చేసే కీ అందులో ఉంటుంది. అది ఇతరుల చేతిలో పడితే మీ యాప్ మీదే అప్‌డేట్ ఎక్కించగలరు. అది పోయినా ప్రమాదమే. వేరే కీతో సంతకం చేసిన ఏపీకే పాతదాని మీద ఎక్కదు, పాతది తీసేస్తే తప్ప. తీసేస్తే అందులోని పంట లెక్కలన్నీ పోతాయి. కాబట్టి కీస్టోర్‌నీ పాస్‌వర్డ్‌నీ వేర్వేరు చోట్ల రెండేసి కాపీలు దాచండి. గిట్‌హబ్‌లో కోడ్ ఉంచిన రిపాజిటరీలోకి మాత్రం పొరపాటున కూడా ఎక్కించవద్దు. ఇప్పటికే ఎక్కించారేమో పాత కమిట్లలో (దాచిన మార్పుల చరిత్రలో) వెతకండి.

తీసిపారేద్దామా అన్నారు. డిలీట్ చేయకండి. రిపాజిటరీ పోతుంది కానీ వాట్సాప్‌లో తిరిగే ఏపీకేలు పోవు. తప్పు దిద్దిన వెర్షన్ పెట్టడానికి చోటు మాత్రమే పోతుంది. పైన చెప్పిన మార్పులన్నీ ఒకే రిలీజ్‌లో పెట్టి, ఒక పంటకాలం చూడండి. అప్పటికీ మోయలేననిపిస్తే రీడ్‌మీ మొదటి వాక్యంగా "ఫలానా తేదీ నుంచి ఈ యాప్‌ని ఎవరూ చూడటం లేదు" అని రాయండి. సీఎస్‌వీ బ్యాకప్ పనిచేస్తోందని సరిచూసుకుని ఆఖరి రిలీజ్ ఇచ్చి, ఫారం మూసేయండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో అట్టడుగున ఉన్న ఆర్కైవ్ నొక్కండి. కోడ్ చదవడానికీ, దింపుకోవడానికీ, ఫోర్క్ చేసుకోవడానికీ ఉంటుంది. కొత్త ఇష్యూలు మాత్రం రావు. మళ్లీ మనసు పుడితే అదే చోట ఆర్కైవ్ తీసేయవచ్చు.